స్టార్ రద్దయిందని నిశ్చింతగా ఉండకండి: టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమాకి ఏం కావాలి

ఫ్రిస్కోలో దిగినా, ఆస్టిన్‌లో దిగినా హైస్కూలు వయసు పిల్లలున్న తల్లిదండ్రుల చెవిన మొదట పడే మాట, "స్టార్ పరీక్ష తీసేశారట కదా" అని. స్టార్ అంటే టెక్సస్ బడిపిల్లలకు రాష్ట్రం పెట్టే పరీక్ష. అందులో నిజం సగమే. 2025లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 8ను ఆమోదించింది. గవర్నర్ సంతకం కూడా అయింది. దాని ప్రకారం 2027-28 విద్యా సంవత్సరం నుంచి స్టార్ స్థానంలో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో చిన్న చిన్న పరీక్షలు పెడతారు. అప్పటిదాకా స్టారే. పైగా డిప్లొమాకి పరీక్ష పాసవ్వాలన్న షరతును చట్టం ఎత్తెయ్యలేదు.

ఈ గందరగోళం ఎక్కువగా వేరే రాష్ట్రాల్లోని బంధువుల వల్ల వస్తుంది. మాసచూసెట్స్‌లో 2024 నవంబరులో ఓటర్లు పదో తరగతి ఎంక్యాస్ పరీక్ష పాసవ్వాలన్న డిప్లొమా షరతును తీసేశారు. న్యూయార్క్ కూడా 2027-28 నుంచి రీజెంట్స్ పరీక్షల షరతు తీసేసే దారిలో ఉంది. ఆ వార్తలు నిజమే, కానీ అవి అక్కడి పిల్లలకే. ఇక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. మీ పిల్లవాడు డాలస్‌లో చదువుతుంటే బోస్టన్ అత్తయ్య మాట పనికి రాదు.

టెక్సస్‌లో డిప్లొమాకి దాటాల్సిన ముఖ్యమైన గడపలు రెండు: క్రెడిట్లు, ఈవోసీ పరీక్షలు. క్రెడిట్ అంటే ఒక కోర్సు పాసైనందుకు స్కూలు రాసుకునే లెక్క. ఈవోసీ అంటే హైస్కూల్లో కోర్సు చివర రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష. ఇప్పటికి ఇవి ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. కోర్సు పాసై ఈవోసీ తప్పితే క్రెడిట్ వస్తుంది, డిప్లొమా ఆగుతుంది. ఈవోసీ పాసై కోర్సు తప్పితే కోర్సు మళ్లీ చదవాలి, పరీక్ష మళ్లీ అక్కర్లేదు. ఫలితాల్లో నాలుగు మెట్లుంటాయి. కింద నుంచి రెండోది, "అప్రోచెస్" అనేది వస్తే పాసే.

ఇండియా నుంచి తొమ్మిదీ పదీ చదివి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. టెక్సస్ పబ్లిక్ స్కూల్లో చేరకముందే ఒక కోర్సు పూర్తయి, ఆ క్రెడిట్‌ను ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) ఒప్పుకుంటే, ఆ కోర్సు ఈవోసీ డిప్లొమా కోసం రాయనక్కర్లేదు. అందుకే బయల్దేరే ముందు తెచ్చుకునే కాగితాలే అసలు పెట్టుబడి. చాలామంది పదో తరగతి మెమో ఒక్కటే తెస్తారు. అమెరికాలో హైస్కూల్ తొమ్మిదో తరగతి నుంచి మొదలు. తొమ్మిదో తరగతి మార్కులు లేకపోతే ఒక ఏడాది మొత్తం గాల్లో కలిసిపోతుంది. పైగా మెమోలో గణితం, సైన్స్ అని ఒక్కొక్క మాటే ఉంటుంది. అందులో ఆల్జీబ్రా ఎంత, బయాలజీ ఎంత అని కోర్సులు, క్రెడిట్లు చూసే స్కూలు కౌన్సెలర్‌కి ఎలా తెలుస్తుంది? తొమ్మిదీ పదీ ప్రోగ్రెస్ రిపోర్టులు, హెడ్మాస్టర్ సంతకం, స్కూలు ముద్రతో సీలు చేసిన కవర్లో తీసుకోండి. పాఠ్యపుస్తకాల విషయసూచికలు ఫొటో తీసుకోండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం చేయించండి. ఇంటర్ మొదటి ఏడాది అయితే ఆ మెమో కూడా.

కౌన్సెలర్‌తో కూర్చున్నప్పుడు "ఆల్జీబ్రా 1, జామెట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ 1, తెలుగు, వీటిలో వేటికి క్రెడిట్ ఇస్తున్నారు?" అని ఒక్కొక్క పేరూ పెట్టి అడగండి. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఒప్పుకోని కోర్సుకి క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే దారి, ఉంటుంది: ముందే చదివిన కోర్సయితే 70 శాతం, చదవనిదైతే 80 శాతం మార్కులు కావాలి. రెండేళ్ల భాషా క్రెడిట్‌కి తెలుగును లెక్కలోకి తీసుకునే డిస్ట్రిక్టులున్నాయి. అవాంట్ స్టాంప్ అనే భాషా పరీక్షలో తెలుగు కూడా ఉంది. పిల్లవాడు స్పానిష్‌తో కొత్తగా కుస్తీ పట్టే ముందు ఇది అడగడం మంచిది. యూఎస్ హిస్టరీ మాత్రం మనవాళ్లెవరూ చదివి రారు కాబట్టి ఆ ఈవోసీ దాదాపు తప్పదు. అది 1877 తర్వాతి చరిత్ర, ఎక్కువ స్కూళ్లలో పదకొండో తరగతిలో వస్తుంది.

క్రెడిట్ల లెక్క ఇది. ఫౌండేషన్ అనే మామూలు పథకానికి 22: ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 3, సోషల్ 3, భాష 2, ఫైన్ ఆర్ట్స్ 1, పీఈ 1, ఎలెక్టివ్‌లు 5. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఒక రంగాన్ని ఎంచుకుని అందులో అదనపు కోర్సులు చేస్తే, 26. గణితం, సైన్స్ నాలుగేసి, ఎలెక్టివ్‌లు 7 అవుతాయి. 22తో సరిపెట్టుకోకండి. పబ్లిక్ యూనివర్సిటీల్లో ర్యాంకును బట్టి నేరుగా వచ్చే సీటుకి ఎండార్స్‌మెంట్, ఆల్జీబ్రా 2 కలిపిన "డిస్టింగ్విష్డ్" స్థాయి కావాలి. యూటీ ఆస్టిన్ ఆ గీతను 2026 ఫాల్ నుంచి క్లాసులో మొదటి 5 శాతానికి తగ్గించింది. కాబట్టి ఇండియా మార్కులను మీ డిస్ట్రిక్ట్ జీపీఏలోకి (ర్యాంకు తేల్చే మార్కుల సగటులోకి) తీసుకుంటుందా లేదా అన్నది కూడా మొదటి వారంలోనే తేల్చుకోండి.

చేరేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో "ఇంట్లో ఏ భాష" అంటే భయపడి ఇంగ్లిష్ అని రాసేవాళ్లు చాలామంది. అది పిల్లవాడికి మనమే చేసే అన్యాయం. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష ఒకటి పెడతారు, బాగా వచ్చినవాళ్లు అక్కడితో బయటపడతారు. రానివాళ్లను ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లుగా గుర్తిస్తారు, వాళ్లకు పరీక్షల్లో సదుపాయాలు దొరుకుతాయి. ఇంగ్లిష్ 1 ఈవోసీ తప్పినా, కోర్సు పాసైతే, కొన్ని షరతులతో మళ్లీ రాయనక్కర్లేని మినహాయింపు కూడా ఈ గుర్తింపు ఉన్న కొత్త పిల్లలకే.

ఈవోసీ పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదే. 2023 నుంచి బిట్లు 75 శాతానికి మించవు. మిగతావి జవాబును తెర మీద లాగి పెట్టేవి, టైపు చేసేవి. కాగితం మీద గబగబా లెక్క చేసే మన పిల్లలు అసమానతల గుర్తులు టైపు చెయ్యడం దగ్గర తడబడతారు. రాష్ట్రం పోర్టల్లో ఉచిత ప్రాక్టీసు పరీక్షలున్నాయి, నాలుగైదు చేయిస్తే చాలు. ఇంగ్లిష్‌లో వ్యాసం ఉంటుంది. ఇచ్చిన పాఠంలోని వాక్యాలు ఎత్తి రాస్తే మార్కులు రావు, ఆధారం చూపించి సొంత మాటల్లో వాదించాలి. దిద్దడంలో 2023 డిసెంబరు నుంచి కంప్యూటర్ కూడా ఉంది. పోర్టల్లో యాక్సెస్ కోడ్‌తో పిల్లవాడు రాసిన జవాబులు మీరే చూడొచ్చు. మంచి వ్యాసానికి సున్నా పడితే డిస్ట్రిక్ట్ ద్వారా మళ్లీ దిద్దించమని అడగండి.

తప్పినవాళ్లకు జూన్‌లో, డిసెంబరులో, వసంతంలో మళ్లీ అవకాశం, ఎన్నిసార్లయినా. చిక్కల్లా మన ప్రయాణాలతోనే. మే చివర స్కూలు మూయగానే ఇండియా టికెట్లు కొంటాం, జూన్ పరీక్ష పోతుంది. డిసెంబరు మొదట్లోనే ఎగిరిపోతే ఆ పరీక్షా పోతుంది. దాంతోపాటు క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిటే ఆగుతుంది. సంక్రాంతి దాకా ఉండి వద్దామనుకుంటే ముందు స్కూలు క్యాలెండర్ దగ్గర పెట్టుకుని రోజులు లెక్కపెట్టండి.

అన్నీ చేసినా రెండు ఈవోసీల దాకా మిగిలిపోతే ఐజీసీ (ఇండివిడ్యువల్ గ్రాడ్యుయేషన్ కమిటీ) ఉంది. ప్రిన్సిపాల్, ఆ సబ్జెక్టు టీచర్, విభాగం పెద్ద, తల్లిదండ్రులు కలిసి కూర్చునే కమిటీ. ప్రాజెక్టో పోర్ట్‌ఫోలియోనో చేయించి, అందరూ ఒప్పుకుంటే డిప్లొమా ఇస్తారు. మూడు తప్పితే ఈ దారి లేదు.

చివరి ఏడాది ఒక కాగితం మరిచిపోతారు. డిప్లొమాకి ఫాఫ్సా లేదా టాస్ఫా అనే, కాలేజీ చదువుకి ఆర్థిక సాయం అడిగే దరఖాస్తు నింపాలి. హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫాఫ్సా వర్తించదు కదా అని వదిలేస్తే స్కూలు జాబితాలో "పెండింగ్" అనే కనిపిస్తుంది. వద్దనుకుంటే స్కూలు ఇచ్చే ఆప్ట్ అవుట్ ఫారంలో తల్లిదండ్రులు సంతకం పెట్టి ఇస్తే చాలు. ఏప్రిల్ దాకా ఆగకుండా పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్‌లోనే ఇచ్చెయ్యండి.