పాత సింగిల్ షాట్ డెరింజర్లు: మొదటిది కొనే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది: అమెరికాలో ఉంటూ పాతకాలపు సింగిల్ షాట్ డెరింజర్లు (ఒకసారికి ఒక్క గుండే పేలే, అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోళ్లు) ఒకటి రెండు కొనాలనుంది, ఏం చూసుకోవాలి, ఇండియా వెళ్లిపోతే వెంట తీసుకెళ్లొచ్చా అని.

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. నా దగ్గర ఆరు ఉన్నాయి. అందులో మొదటిది మోసపోయి కొన్నది. ముందు దాని గురించే చెబుతాను.

ఈ పిస్తోళ్లకి ఆ పేరు ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసిన హెన్రీ డెరింజర్ వల్ల వచ్చింది. ఆయన ఇంటిపేరు (Deringer) మధ్యలో ‘ఆర్’ ఒక్కటే. మధ్యలో రెండు ఆర్‌ల మాట (derringer) జనం నోట, పోటీదారుల సరుకు మీద తర్వాత పుట్టింది. ఈ ఒక్క ముక్క చదువుకుని గన్ షోకి (తుపాకుల సంతకి) వెళ్లాను. బల్ల మీద అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు, వాల్‌నట్ పిడి, జర్మన్ సిల్వర్ (వెండిలా మెరిసే మిశ్రలోహం) నగిషీ, లాక్ (పేల్చే యంత్రం ఉన్న పక్క రేకు) మీద ఒకే ఆర్‌తో పేరు. మురిసిపోయి బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే పేరు ముందు చిన్న ‘జె’ కనబడింది. హెన్రీకి ‘జె’ ఎందుకుంటుంది? ఆయన బతికున్న రోజుల్లోనే పోటీదారులు జాన్ డెరింజర్ అనే దర్జీని వెతికి పట్టుకుని, అతని పేరుని తమ పిస్తోళ్ల మీద కొట్టుకున్నారట! హెన్రీ ఊరుకోలేదు. తన ముద్ర వేసిన నకళ్లు అమ్ముతున్నాడని శాన్ ఫ్రాన్సిస్కోలో ప్లేట్ అనే వ్యాపారి మీద వేసిన దావా కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేను మాత్రం దర్జీ పేరుకి తుపాకీ మేస్త్రి ధర కట్టాను. అలాంటి పాత నకళ్లకీ ఇప్పుడు గిరాకీ ఉంది కాబట్టి పూర్తిగా మునిగిపోలేదు. కానీ అసలు దాని ధర వేరు, దీని ధర వేరు.

కాబట్టి ముద్ర ఒక్కటే చూడకండి. చుట్టూ ఇనుము అరిగిపోయి అక్షరాలు మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. గుడ్డులాంటి గీతలో ‘ఈఎల్‌జీ’ అని ఉంటే అది బెల్జియంలోని లియేజ్ పరీక్ష ముద్ర, ఫిలడెల్ఫియా సరుకు కాదు. గొట్టం మీద ఏదో చోట ఆకురాయి పెట్టి అరగదీసిన గుర్తుంటే, అక్కడ ఈ మధ్య చేసిన ఇటలీ నకలు ముద్ర ఉండేదేమో అని ఆలోచించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అమ్మేవాళ్లు చాలామంది చెప్పనిది: లోపల తుపాకీ మందు ఉందో లేదో చూడండి. హెన్రీ తరహావి మన ఊళ్లలో అడవిపందుల కోసం వాడిన నాటు తుపాకీల్లాగే మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి, నిపుల్ (గొట్టం వెనక కొసన ఉండే చిన్న బొడిపె) మీద క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) పెట్టి కాల్చేవి. దట్టించి కాల్చకుండా సొరుగులో పడేసినవి ఎన్నో. ఆ నల్లటి తుపాకీ మందు తడి తగలకపోతే నూరేళ్లయినా అంటుకుంటుంది. మూతిని మనుషుల వైపు పెట్టకుండా, సన్నటి చెక్కపుల్ల లోపలికి దింపి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. అదే పుల్లని, గీత మూతి దగ్గరకి వచ్చేలా, గొట్టానికి బయట పక్కన ఆనించండి. కొస దాదాపు నిపుల్ దాకా రావాలి. నా మూడోదాంట్లో ముప్పాతిక అంగుళం ముందే ఆగిపోయింది. నేను పొడవలేదు, గీకలేదు. తుపాకుల మెకానిక్కి అప్పజెబితే సీసపు గుండు, దాని వెనక పొడిగా ఉన్న మందు బయటికి తీశాడు. దాన్ని మా ఆవిడ వంటగది అలమరలో పది రోజులుంచానని ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు.

ట్రిగ్గర్ ఖాళీగా నొక్కి చూడకండి, నిపుల్ చితుకుతుంది. ఇత్తడి, జర్మన్ సిల్వర్ తళతళలాడేలా తోమొద్దు. తోమితే విలువ పోతుంది, నేను ఒకటి అలా పాడుచేశాను.

మొదటిదానికి నా సలహా హెన్రీవి కాదు, కోల్ట్ కంపెనీవి. 1870లో నేషనల్ ఆర్మ్స్ కంపెనీని కొన్నాక కోల్ట్ .41 (అంగుళాల్లో గొట్టం సైజు) రిమ్‌ఫైర్ తూటాతో, అంటే అడుగు అంచు మీద దెబ్బ తగిలితే పేలే తూటాతో కాల్చే సింగిల్ షాట్లు అమ్మింది. గొట్టం పక్కకి తిరిగే థూర్ మోడల్ సంతలో తరచూ కనబడుతుంది, నకలు భయం తక్కువ. అయితే అది 1912 దాకా తయారైంది. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇలాంటి తూటా పిస్తోలు 1898లో గానీ అంతకు ముందు గానీ చేసినదైతేనే యాంటిక్ (పురాతన వస్తువు) కింద లెక్క. అందుకని సీరియల్ నంబరుతో ఏడాది తేల్చుకోకుండా డబ్బివ్వకండి. మీ రాష్ట్రం చట్టం వేరేగా ఉండొచ్చు, అదీ చూసుకోండి.

వాషింగ్టన్ వెళ్తే ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో 1865 ఏప్రిల్ 14న బూత్ అనే నటుడు అధ్యక్షుడు లింకన్‌ని కాల్చిన .44 డెరింజర్ చూడండి. అసలుది దొంగిలించి నకలు పెట్టారని పుకారు లేస్తే 1997లో ఎఫ్‌బీఐ పరీక్షించింది. పాత ఫొటోల్లోని గుంటలు, చెక్క మీది చారలు, పగులు సరిపోయాయి కాబట్టి అదే అసలుదని తేల్చింది. మనమూ కొన్న రోజే అన్ని వైపులా దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోవడం అందుకే.

ఇండియాకి మాత్రం వద్దండీ. ఆయుధాల చట్టం 1959లో పాత ఆయుధాలకి మినహాయింపు ఉంది, కానీ అది బాగుచేసినా కాల్చలేని వాటికే. నా ఆరింటిలో ఐదు మందు పోస్తే పేలేవే. మా నాన్నగారు హైదరాబాద్‌లో చూస్తానంటే అవే ఫొటోలు ప్రింట్ తీసి పట్టుకెళ్లాను.