మోకాళ్ళ నొప్పి, 999 మెట్లు, ఒక్క రోజు గ్రీసు

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, వచ్చే మే నెలలో మమ్మల్ని ఏథెన్స్‌ రమ్మన్నాడు, తనూ అక్కడికే వస్తాట్ట. మూడ్రోజులు ఊళ్ళో, ఒక్కరోజు బయట. టూర్ వాళ్ళేమో మైసీనీ, ఎపిడారస్, నాఫ్లియో అనే పాత చోట్లు మూడూ ఒకేరోజు తిప్పేస్తామంటున్నారు. మావారికి మోకాళ్ళ నొప్పులు, పైగా "కూలిపోయిన రాళ్ళు చూడ్డానికి అంతదూరం ఎందుకే, మన తొట్లకొండ బౌద్ధ శిథిలాలు లేవా" అని ఒకటే సణుగుడు. నేను గుడ్డు కూడా ముట్టను. ఏం చెయ్యమంటారు?
- ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మూడూ వద్దమ్మా, రెండు చాలు. మైసీనీ వదిలెయ్యండి. ఈ మాటకి చదువుకున్నవాళ్ళు నన్ను తిడతారు, తిట్టనివ్వండి. మనం ఊరికే మాటవరసకి సింహద్వారం అంటాం గానీ అక్కడ నిజంగానే ద్వారం పైన రెండు సింహాలున్నాయి, తలలు పోయాయనుకోండి, క్రీ.పూ. 1250 ప్రాంతంలోది, చూసి తీరాల్సిందే, కాదన్ను. కానీ అది గుట్ట, నీడ ఉండదు, ఎక్కాలి దిగాలి, పైగా 1876లో ష్లీమన్ అనే జర్మన్ తవ్వకాలాయన అక్కడ తవ్వితీసిన బంగారు ముసుగు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోనే ఉంది, మీవారు ఎండ తగలకుండా చూసుకోవచ్చు.

పొద్దున్నే కిఫిసోస్ బస్టాండులో నాఫ్లియో బస్సెక్కండి. 140 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటలు. మధ్యలో కొరింత్ కాలువ వస్తుంది, 1893లో తెరిచారు, 6 కిలోమీటర్ల పైన పొడవు, కొండని కత్తితో నిలువుగా కోసినట్టుంటుంది, కునుకు తీస్తే మిస్సవుతారు. నాఫ్లియోలో దిగి ఎపిడారస్‌కి ఇంకో బస్సు. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఎపిడారస్ పేరుతో సముద్రం పక్కన వేరే ఊళ్ళు కూడా ఉన్నాయి, మీక్కావాల్సింది లిగూరియో పక్కనున్న పాత థియేటర్, డ్రైవర్ని అడిగి మరీ ఎక్కండి. మేం అడక్కుండా ఎక్కేసి ఓ గంట పోగొట్టుకున్నాం, ఆ గంటంతా మా ఆయన నాతో మాట్లాడలేదు.

ఇక థియేటర్ సంగతి. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టింది, 55 వరసలు, పదమూడు పద్నాలుగు వేలమంది పడతారు, మైకు లేదు, పైకప్పు లేదు. కింద గుండ్రటి నేల నట్టనడుమ ఓ రాయుంటుంది, అందరూ దానిమీదెక్కి చప్పట్లు కొడుతుంటారు. నేను పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి పడేశాను, పై వరసలో కూర్చున్న మా ఆయన "ఏదో టిక్కుమంది, ఏటది?" అన్నారు. నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చెప్పింది కూడా అదేనట, చప్పుడు పైదాకా వస్తుంది గానీ అది బిళ్ళ అని పోల్చుకోగలిగేది సగం దాకానే. మీవారిని పై దాకా ఎక్కించకండి, కింద నాలుగు వరసలెక్కి కూర్చోబెట్టండి, ఒక అరగంట అలా వదిలేసి మీరు మిగతావి చూసుకోండి.

మిగతావి అంటే అసలు గుడి. ఆ థియేటర్ కూడా గుడికి అనుబంధంగా కట్టిందే. అస్క్లేపియస్ వాళ్ళ వైద్యం దేవుడు, చేతికర్రకి పాము చుట్టుకునుంటుంది. రోగులు వచ్చి స్నానాలు చేసి అబటాన్ అనే మండపంలో పడుకునేవాళ్ళు, కలలో దేవుడొచ్చి మందు చెప్తాడని నమ్మకం. అది చదవగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఒంట్లో బాగోకపోతే గుడిలో నిద్ర చేసొచ్చేది. నయమయ్యాక ఆ దేవుడికి మట్టితో చేసిన కాళ్ళూ చేతులూ సమర్పించేవాళ్ళట, మనం వెండి కళ్ళు ఇచ్చుకోమూ! ఇప్పుడు అక్కడ మిగిలింది పునాదులూ, నిలబెట్టిన కొన్ని స్తంభాలూ, ఇది తెలీకుండా వెళ్తే నిజంగానే రాళ్ళే.

సాయంత్రం నాఫ్లియో. ఏథెన్స్ కంటే ముందు, 1834 దాకా దేశానికి రాజధాని ఈ చిన్న ఊరే. మొదటి పాలకుడు కపోడిస్ట్రియాస్‌ని 1831లో ఇక్కడే చర్చి గుమ్మం దగ్గర చంపేశారు, గోడలో తూటా పడిన చోటుని అద్దం వెనక దాచి చూపిస్తారు. పైన పలమిడి కోట, మెట్లు 999 అంటారు, లెక్కపెట్టినవాళ్ళు అంత లేవంటారు, ఎన్నయితేనేం మీవారు ఎక్కొద్దు, వెనకనుంచి రోడ్డుంది, టాక్సీలో పొండి. సముద్రంలో చిన్న కోట కనిపిస్తుంది, బూర్ట్జి, ఒకప్పుడు మరణశిక్షలు అమలుచేసేవాళ్ళని అందులో ఉంచేవారట, ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వరుగా.

తిండికి ఒక మాట నేర్చుకోండి, "నిస్టీసిమో", అంటే ఉపవాసం తిండి, మాంసం గుడ్డు పాలు ఉండవు. కానీ వాళ్ళ లెక్కలో ఆక్టోపస్ ఉపవాసానికి పనికొస్తుంది, అందుకని రెండోసారి కూడా అడగండి. టమాటాల్లో అన్నం కూరిన గెమిస్తా బావుంటుంది, మాంసం లేనిదే అడగాలి. ఊరగాయ పట్టుకెళ్ళండి, సిగ్గేం లేదు.

తొట్లకొండ సంగతికొస్తే మీవారన్నదీ నిజమే, అక్కడ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి, ఆ సముద్రాలకీ మన భీమిలి తీరానికీ రాకపోకలు ఎప్పట్నుంచో ఉన్నాయి. కాబట్టి ఈలోపు ఒక ఆదివారం ఆయన్ని తొట్లకొండకే తీసుకెళ్ళండి, కారు పైదాకా పోతుంది గానీ కొంచెం కింద ఆపి నడిపించండి, అట్నుంచి భీమిలి డచ్ సమాధులు చూసి రండి. మోకాళ్ళ సంగతి తేలిపోద్ది.

ప్రశ్న: మా అమ్మాయీ జర్మనీలోనే ఉంటుంది, మేం గ్రీస్ ఒక్కటే చూస్తాం. వీసా జర్మనీకి పెట్టాలా?
- ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు బాబూ, గ్రీస్‌కే. షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా, ఎక్కువ రోజులుండే దేశానికి పెట్టాలి, రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి. ఈ చివరిది చూసుకోక మా వదినగారు టికెట్ డబ్బులు పోగొట్టుకున్నారు.