అత్తగారికి చెప్పాల్సింది మీరు కాదు

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 31 ఏళ్లు, పెళ్లై ఆరేళ్లు. మావారికి వీర్యకణాలు బాగా తక్కువని రెండు పరీక్షల్లోనూ తేలింది. విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరు ఇక్సీ (ల్యాబులో ఒక వీర్యకణాన్ని సన్నని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే చికిత్స) చేయించుకోమన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మావారు నాతో ఒట్టు వేయించుకున్నారు. అత్తగారు నన్నే గొడ్రాలంటారు, పేరంటాలకు రానివ్వరు. మావారు విని ఊరుకుంటారు. ఇంజెక్షన్ల కోసం విజయవాడ వెళ్లాలంటే ఆవిడకు ఏం సాకు చెప్పను?

జవాబు: అమ్మా, సాకు నేను చెప్పను. ఇంజెక్షన్లు గుంటూరులోనే నర్సు చేత వేయించుకునే వీలుందేమో డాక్టరును అడగండి. ఆ ప్రశ్నకు అంతే జవాబు.

మీ ఉత్తరం నిండా అత్తగారే ఉన్నారు. నాకు కోపం వచ్చింది మాత్రం మీవారి మీద. ఆవిడ తెలియక అంటున్నారు. ఆయన అన్నీ తెలిసి, మీరు పడే మాటల చాటున దాక్కుంటున్నారు. ఆయన సిగ్గు నాకు అర్థమవుతుంది. కణాల సంఖ్యకూ మగతనానికీ సంబంధం లేదని ఎంత చెప్పినా, నలుగురిలో తిరిగే మనిషికి మింగుడుపడదు. ఊరంతా చాటమని నేను అనడం లేదు. కన్నతల్లికి చెప్పమంటున్నాను.

ఇక్సీ మంచి చికిత్సే, వద్దనను. 1992లో బెల్జియం వైద్యులు ఈ పద్ధతిలో తొలి గర్భాలు వచ్చాయని ప్రకటించాక, దాత వీర్యమో దత్తతో తప్ప దారి లేదనుకున్న ఎందరో సొంత బిడ్డను ఎత్తుకోగలిగారు. కానీ లోపం ఆయనదైనా చికిత్సంతా మీ ఒంటిమీదే. పది పన్నెండు రోజుల హార్మోను ఇంజెక్షన్లు, స్కానింగులు, మత్తిచ్చి అండాలు తీయడం. ఆయన వంతు చాలావరకు నమూనా ఇవ్వడంతో సరి. మొదటిసారే ఫలిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఫలించకపోతే ఆ నింద ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పాలా?

ఇంతకీ ఆయన్ను ఆండ్రాలజిస్టు, అంటే మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టరు, చూశారా? మీరు ఆ ఊసే ఎత్తలేదు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బాయేమో, హార్మోన్లు ఎలా ఉన్నాయో చూడాలి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. సిగరెట్టు, గుట్కా ఉంటే ఇవాళే మాని, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మీ వయసుకు ఆ మాత్రం వ్యవధి ఉందా అని డాక్టరునే అడగండి.

ఇక ఆ ఒట్టు. భార్యను నిందపాలు చేసే ఒట్టుకు నా దృష్టిలో విలువ లేదు. అయినా అత్తగారితో మీరు చెప్పకండి, కోడలు కొడుకు మీదకు నెట్టిందంటారు. మీరు పక్కనుండగా ఆయనే చెప్పాలి. నోరు రాకపోతే ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్లి, ఆయన ఎదుటే డాక్టరు చేత చెప్పించమనండి.

ఇలాంటి సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం ఈ చికిత్సకు మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలి. తల్లితో ఆయన మాట్లాడేదాకా మీరు సంతకం పెట్టకండి. అదీ కుదరదంటే కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లండి. ఎందుకొచ్చావని మీ అమ్మగారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.