బోర్లా వేస్తేనే బాబు హాయిగా పడుకుంటున్నాడు.. అలాగే వదిలేయొచ్చా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. కాన్పుకి పుట్టింటికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను. బాబుకి ఇంకో వారంలో మూడు నెలలు నిండుతాయి. నెలలు నిండాకే పుట్టాడు, పుట్టినప్పుడు 2.9 కిలోలు, తల్లిపాలే తాగుతున్నాడు. వెల్లకిలా పడుకోబెడితే పది నిమిషాలకోసారి ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. మా అమ్మ బోర్లా వేస్తే మాత్రం రెండు మూడు గంటలు కదలకుండా పడుకుంటాడు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడతాయని, తల వెనక చప్పిడి అయిపోతుందని అమ్మ అంటోంది. అందుకే ఆవాల దిండు కూడా కుట్టింది. పగలు చీర ఉయ్యాల్లో వేస్తున్నాం. మా ఆయన హైదరాబాద్ నుంచి చెక్క తొట్టె పంపించారు. దాంతోపాటు చుట్టూ కట్టే మెత్తలు, దిండ్లు, దుప్పటి సెట్టుగా వచ్చాయి. వీటిలో ఏవి వాడాలి? రాత్రిళ్లు ఏసీ వేయొచ్చా?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి. ఈ రాత్రి నుంచే బాబుని వెల్లకిలా పడుకోబెట్టండి. పగటి కునుకైనా రాత్రి నిద్రైనా, మీ దగ్గరైనా అమ్మమ్మ దగ్గరైనా అంతే. ఒక పూట అలా, ఒక పూట ఇలా అసలు వద్దు, ఎందుకంటే వెల్లకిలా అలవాటైన పిల్లాణ్ని ఒక్కసారిగా బోర్లా వేసినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీరు రాసినదాంట్లో "కదలకుండా పడుకుంటాడు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బోర్లా పడుకున్న పిల్లలు గాఢంగా నిద్రపోతారు, అది నిజమే, మీ అమ్మగారు కళ్లారా చూసిందే చెప్తున్నారు. కానీ ఈ వయసులో అంత గాఢ నిద్ర మంచిది కాదు. ముక్కు పరుపులోకి నొక్కుకున్నా, వదిలిన గాలే మళ్లీ పీలుస్తూ ఉన్నా, పెద్దవాళ్లమైతే నిద్రలోనే తల తిప్పుకుంటాం, లేదా ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటాం. మూడు నెలల పిల్లాడికి మెడ పూర్తిగా నిలవదు, మెదడులో "లే, గాలి ఆడట్లేదు" అని తట్టి లేపే ఏర్పాటు కూడా ఇంకా గట్టిపడలేదు. బోర్లా ఉన్నప్పుడు అది మరీ మొద్దుబారుతుంది. పది నిమిషాలకోసారి ఉలిక్కిపడి మీ నిద్ర పాడు చేస్తున్నాడని మీకు విసుగ్గా ఉంటుంది, అర్థం చేసుకోగలను, కానీ తేలిగ్గా లేవగలగడమే ఇప్పుడు వాడికి రక్ష.

ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే ప్రాణం పోగొట్టుకోవడాన్ని సడెన్ ఇన్‌ఫంట్ డెత్ సిండ్రోమ్ అంటాం, పొట్టిగా సిడ్స్. ఇది ఎక్కువగా 2 నుంచి 4 నెలల మధ్య జరుగుతుంది, నూటికి 90 వంతులు 6 నెలల లోపే. అంటే మీవాడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు. అరుదైన విషయమే, భయపెట్టాలని చెప్పడం లేదు. మన ఊళ్లలో ఇలాంటిది జరిగితే "పాలు పొలమారి పోయాడు" అనో "దిష్టి కొట్టింది" అనో అనుకుని ఊరుకుంటారు, పోస్ట్‌మార్టం దాకా వెళ్లడం చాలా తక్కువ.

ఇక్కడ మా డాక్టర్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో బోర్లా పడుకోబెట్టమని పుస్తకాల్లో రాసింది డాక్టర్లే. తర్వాత లెక్కలు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. 1991లో బ్రిటన్, న్యూజీలాండ్, 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం చేశాయి. కొత్త మందు లేదు, మెషీన్ లేదు, పడుకోబెట్టే తీరు మార్చారంతే, కొన్నేళ్లలోనే ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. నా వృత్తిలో ఇంత చవకైన వైద్యం ఇంకోటి చూడలేదు.

సరే, పాలు అడ్డం పడటం సంగతి. ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. మీ అరచెయ్యి మెడ మీద పెట్టుకోండి. ముందువైపు గట్టిగా గరుగ్గా తగిలేది ఊపిరి గొట్టం, అన్నం దిగే గొట్టం దాని వెనక ఉంటుంది. బిడ్డ వెల్లకిలా ఉంటే ఊపిరి గొట్టం పైన, అన్నం గొట్టం కింద. నీరు పల్లమెరుగు అన్నట్టు, కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి వెళ్లాలంటే ఎగువకి ఎక్కాలి. బోర్లా వేస్తే అదే లెక్క తిరగబడుతుంది, పైకొచ్చిన పాలు నేరుగా ఊపిరి గొట్టం గుమ్మంలోనే నిలబడతాయి. పైగా వెల్లకిలా ఉన్న పిల్లాడు కక్కుకుంటే మింగేస్తాడు, లేదా దగ్గి పక్కకి ఊసేస్తాడు, ఆ దగ్గు చూసే మనం హడలిపోతాం. పాలిచ్చాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమురుతూ ఒక పావుగంట నిటారుగా ఎత్తుకోండి, ఆ తర్వాతే పడుకోబెట్టండి. తల ఎత్తులో ఉంటే మంచిదని పరుపు కింద దిండు పెట్టి ఏటవాలుగా చేయకండి, పిల్లాడు జారి కిందికొచ్చి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది.

ఆ ఉలికిపాటు జబ్బు కాదు. చేతులు రెండూ ఒక్కసారి పైకి చాచి, దగ్గరికి లాక్కుని ఏడుస్తాడు, అదే కదా? దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటాం, నాలుగైదు నెలలకి దానంతటదే పోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఏంటంటే ఎత్తుకున్న పిల్లాణ్ని తల ముందు ఆనిస్తారు, దాంతో పడిపోతున్నట్టు అనిపించి ఉలిక్కిపడతాడు. ముందు పాదాలు, తర్వాత పిర్రలు, వీపు, అన్నిటికంటే చివర తల ఆనించండి. తల కింద చెయ్యి చప్పున లాగేయకుండా, రెండో చెయ్యి ఛాతీ మీద తేలిగ్గా వేసి ఒక నిమిషం అలాగే ఉండండి. ఈ ఒక్క మార్పుతోనే చాలామంది పిల్లలు కుదురుకుంటారు. అయినా కుదరకపోతే పలచటి నూలు గుడ్డతో చేతుల వరకు చుట్టొచ్చు. తుంటి, మోకాళ్ల దగ్గర మాత్రం వదులుగా, కప్ప కాళ్లలా మడుచుకునేలా ఉండాలి, కాళ్లు చాపి బిగించి కడితే తుంటి కీలు జారే ప్రమాదం ఉంది. చుట్టిన పిల్లాణ్ని ఎట్టి పరిస్థితుల్లోనూ బోర్లా వేయకూడదు. బోర్లా పడటానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజే చుట్టడం మానేయాలి. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, బొబ్బట్ల దాకా ఆగొద్దు, నడుము తిప్పుతున్నాడని అనుమానం వచ్చినప్పుడే ఆపేయండి. తర్వాత రోజుల్లో వాడంతట వాడే నిద్రలో బోర్లా తిరిగితే? మీరు వెల్లకిలా వేయండి చాలు. అటూ ఇటూ రెండు వైపులా సొంతంగా తిరగగలిగితే ప్రతిసారీ లేచి సరిచేయక్కర్లేదు.

తల చప్పిడి గురించి మీ అమ్మగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని పడుకుంటే తల అటువైపు కాస్త చదునవుతుంది. కానీ దానికి మందు ఆవాల దిండు కాదు. ఆవాలు తల బరువుకి జరిగి గుంట పడుతుంది, ఆ గుంటలో తల కూరుకుపోయి అటూ ఇటూ తిప్పడం వాడికి కష్టమవుతుంది, ఇక కుట్టు ఊడి ఆవాలు బయటకొస్తే ముక్కులోకో నోట్లోకో పోతాయి. ఏడాది దాకా ఏ దిండూ వద్దు. ఈ రోజు తల తూర్పుకి పెడితే రేపు పడమరకి పెట్టండి, పిల్లాడు మీవైపో, కిటికీ వెలుతురు వైపో చూడటానికి మెడ తిప్పుతాడు, అలా రెండు వైపులా సమానంగా ఆనుతుంది. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం బోర్లా వేయండి, చాప మీదో మీ ఛాతీ మీదో, మొదట్లో రెండు మూడు నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు, మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తూ. మెడ, భుజాలు గట్టిపడేది దీనితోనే. మీ అమ్మగారికి ఈ పని అప్పజెప్పండి, బోర్లా వేయాలన్న ఆవిడ ముచ్చట కూడా తీరుతుంది.

చీర ఉయ్యాల మనందరం ఊగినదే, దాన్ని తిట్టడానికి నాకూ మనసు రాదు. కానీ అందులో పిల్లాడు ఎలా ఉంటాడో ఒకసారి పైనుంచి వంగి చూడండి. వీపు విల్లులా వంగి ఉంటుంది, గడ్డం ఛాతీకి తగులుతుంది, చీర అంచులు రెండూ ముఖం మీదికి దగ్గరవుతాయి. మెడ అలా మడతపడితే వాడి ఊపిరి గొట్టం నీళ్ల పైపు మడతపెట్టినట్టే మూసుకుపోతుంది, సన్నటి గొట్టం కదా, ఏడవడానికి కూడా గాలి ఉండదు. ఎదురుగా కూర్చుని కాసేపు ఊపి ఏడుపు మాన్పించడానికి వాడుకోండి, కళ్లు మూతలు పడగానే తీసి చదునైన చోట పడుకోబెట్టండి. ఉయ్యాల్లో వేసి వంటింట్లోకి వెళ్లడం, పక్కింటి పిల్లల్ని ఊపమనడం వద్దు. బోర్లా పడటం మొదలయ్యాక పూర్తిగా విప్పేయండి.

ఇక మీ ఆయన పంపిన తొట్టె. తొట్టె ఉంచుకోండి, దాంతో వచ్చిన సెట్టు మొత్తం అటక మీద పెట్టేయండి. దిండ్లు, దుప్పటి, బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తలు ఏవీ లోపల ఉండకూడదు. తల చెక్కకి కొట్టుకుంటుందని ఆ మెత్తలు కడతారు గానీ, మూడు నెలల పిల్లాడు దెబ్బ తగిలేంత జోరుగా కొట్టుకోలేడు. ఆ మెత్తకి ముఖం నొక్కుకుంటే మాత్రం తీసుకోలేడు, పెద్దయ్యాక దాన్నే మెట్టులా ఎక్కి బయటికి దూకుతాడు. అమెరికాలో 2022లో చట్టం చేసి వీటి అమ్మకాన్నే నిషేధించారు, మన దగ్గర ఇంకా ఆన్‌లైన్‌లో ముద్దుముద్దు రంగుల్లో అమ్ముతున్నారు. ఖాళీ తొట్టె చూడటానికి బోసిగా ఉంటుంది, ఫొటోకి బాగోదు, అలాగే ఉండనివ్వండి.

పరుపు గట్టిగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. పరుపుకి, చెక్కకి మధ్య రెండు వేళ్లకి మించి సందు ఉంటే ఆ పరుపు దానికి సరిపోదని అర్థం. నిలువు కర్రల మధ్య దూరం 6 సెంటీమీటర్లు దాటకూడదు, మామూలు కూల్‌డ్రింక్ టిన్ను ఆ సందులోంచి అవతలికి దూరిపోతే పిల్లాడి ఒళ్లు కూడా జారి తల ఇరుక్కోవచ్చు. మరలు వదులయ్యాయేమో పదిహేను రోజులకోసారి చూడమని మీ ఆయనకి చెప్పండి. ఈ ఖర్చు పెట్టలేని వాళ్లు చదువుతుంటే ఒక మాట: తొట్టె లేకపోతే కొంపలేమీ మునగవు. నేల మీద చాప, దాని మీద బిగుతుగా పరిచిన పలచటి బొంత ఉంటే చాలు, మెత్తటి బూరుగుదూది పరుపు కంటే అదే నయం.

మెడలో నల్లతాడు, తాయెత్తు, గొలుసు ఉంటే నిద్రపుచ్చే ముందు తీసేయండి, మొలతాడు ఉంటే ఉండనివ్వండి. దిష్టికని దిండు కింద ఇనుప ముక్కో చాకో పెడుతుంటే అవి తొట్టెలో వద్దు, బుగ్గన చుక్కతో నాకు పేచీ లేదు. దోమతెర మంచిదే, అయితే ముఖం మీదికి వేలాడకుండా బిగుతుగా ఉండాలి. గొడుగు తెరతో వచ్చే స్పాంజి పరుపు, బుల్లి దిండు పక్కన పెట్టి తెర ఒక్కటే వాడుకోండి. తలుపులు మూసిన గదిలో దోమల కాయిల్, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మానేయండి. ఇంట్లో సిగరెట్, బీడీ తాగేవాళ్లుంటే గుమ్మం బయట తాగడం కూడా చాలదు, మానడమే దారి.

ఏసీ వేయొచ్చు. 25, 26 దగ్గర పెట్టి గాలి నేరుగా తగలకుండా చూడండి. మీరు వేసుకున్నదాని కంటే ఒక్క పలచటి పొర ఎక్కువ ఉంటే సరిపోతుంది. చలేస్తుందేమోనని ఇంట్లో టోపీ, సాక్సులు, పైన రగ్గు కప్పి పడుకోబెట్టడం తప్పు, ఒళ్లు వేడెక్కడం కూడా సిడ్స్ ముప్పుని పెంచుతుంది. చేతులు, పాదాలు చల్లగా ఉండటం ఈ వయసులో మామూలే, అవి చూసి లెక్క కట్టొద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒక పొర తీయండి.

ఆరు నెలలు నిండేదాకా తొట్టె మీ మంచం పక్కనే, చెయ్యి చాస్తే అందేలా ఉండాలి, వేరే గది వద్దు. పక్కలో వేసుకుని పడుకోవడం కంటే ఇదే భద్రం. రాత్రి పడుకుని పాలిస్తూ నిద్ర పట్టేస్తుందని తెలుసు, అందుకే పాలిచ్చే ముందే దిండ్లు, రగ్గులు దూరంగా జరిపేయండి, ఇద్దరి మధ్యలో వేసుకోకండి, మెలకువ రాగానే తొట్టెలోకి మార్చండి. సోఫాలోనో పడక కుర్చీలోనో బిడ్డని ఎత్తుకుని నిద్రపోవడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం, తాతయ్యలకి ఈ అలవాటు ఎక్కువ.

నిద్రలో మూలగడం, ముఖం చిట్లించడం, ఐదు పది సెకన్లు ఊపిరి ఆగినట్టై మళ్లీ గబగబా తీసుకోవడం మామూలే, టెన్షన్ పడకండి. 20 సెకన్లు దాటి ఊపిరి ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వేలాడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి 50కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎలాగూ 14 వారాల టీకాకి ఇంకో పది పదిహేను రోజుల్లో వెళ్తారు. అప్పుడు తల వెనక భాగం, మెడ రెండు వైపులా సమానంగా తిరుగుతోందో లేదో చూడమని అడగండి. వీలైతే మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఇదంతా నేను రాసినదాని కంటే అక్కడి డాక్టర్ నోటితో వింటే ఆవిడకి తొందరగా నమ్మకం కుదురుతుంది.