ఫాగ్ లైట్లు బాగుచేయమంటే మార్చేశారు.. బిల్లు కట్టాల్సిందేనా?

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు ఉంది. ముందు బంపర్‌లోని ఫాగ్ లైట్లు రెండూ మసకబారి పచ్చగా అయిపోయాయి. కంపెనీ ఈ లైట్ల తయారీ ఆపేసింది. అందుకే వాటినే పాలిష్ చేసి ఇవ్వమని ఒక వర్క్‌షాప్‌లో కారు వదిలి అడ్వాన్స్ ఇచ్చాను. ఆ మాట వాట్సాప్‌లో కూడా పెట్టాను. వాళ్లు నన్ను అడక్కుండా పాతవి తీసేసి వేరే కంపెనీ ఎల్‌ఈడీ లైట్లు బిగించారు. పాతవి ఏవని అడిగితే పనికిరావని స్క్రాప్‌లో వేశామన్నారు. ఒప్పుకున్నదానికి మూడు రెట్లు బిల్లు వేసి, కట్టేదాకా కారు ఇచ్చేది లేదంటున్నారు. కట్టాలా? పోలీసు కేసు పెట్టొచ్చా? ఈ ఎల్‌ఈడీలతో తిరిగితే ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, ఎల్‌ఈడీ లైట్ల డబ్బు మీరు కట్టక్కర్లేదు. కాకపోతే ఆ లైట్లను మీరు వాడుకోకూడదు కూడా. ఈ రెండో సంగతి దగ్గరే చాలా కేసులు దెబ్బతింటాయి.

ఒక పని కోసం వస్తువును అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకోవడాన్ని భారత కాంట్రాక్టు చట్టం, 1872 బెయిల్‌మెంట్ అంటుంది. వర్క్‌షాప్ వాళ్లు కారు ఆపడానికి ఈ చట్టంలోని సెక్షన్ 170 చూపిస్తారు. తన శ్రమ, నైపుణ్యం పెట్టి చేసిన పనికి డబ్బు అందేదాకా వస్తువును దగ్గర ఉంచుకునే హక్కు ఆ సెక్షన్ ఇస్తుంది, నిజమే. కానీ ఆ పని మీరు వస్తువు అప్పగించిన ఉద్దేశానికి తగ్గట్టు ఉండాలని కూడా అదే సెక్షన్ అంటోంది. మీరు చెప్పింది పాలిష్. వాళ్లు చేసింది మార్పిడి. ఒప్పుకున్న పనిలో ఏదైనా నిజంగా చేసి ఉంటే దాని కూలి అడగొచ్చు. అడగని లైట్ల కోసం కారు ఆపే హక్కు లేదు.

ఇక సెక్షన్ 70. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మీరు లాభం పొందితే, దానికి డబ్బు ఇవ్వాలి. చట్టంలోనే ఉదాహరణ ఉంది: వ్యాపారి పొరపాటున ఒకరి ఇంట్లో సరుకు వదిలి వెళ్తాడు, ఆ ఇంటాయన దాన్ని తనదిగా వాడేసుకుంటాడు, అప్పుడు డబ్బు కట్టాల్సిందే. మీరు కారు తెచ్చుకుని నెలల తరబడి ఆ లైట్లతో తిరిగితే అవతలి లాయరు పట్టుకునే పాయింటు ఇదే. అందుకే ఈరోజే ఒక మెసేజ్, దాని వెంట రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఈ లైట్లు నేను అడగలేదు, నాకు వద్దు, మీవి మీరు విప్పుకోండి అని అందులో స్పష్టంగా ఉండాలి.

కారు అత్యవసరమైతే బిల్లు కట్టి తెచ్చుకోవచ్చు, కానీ అభ్యంతరంతో కడుతున్నానని రాతపూర్వకంగా చెప్పి కట్టండి. బలవంతం మీద చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వాలని సెక్షన్ 72 చెబుతోంది. అక్కడి ఉదాహరణ అచ్చం మీ కథే. రైల్వే కంపెనీ అక్రమ ఛార్జీ కడితేనే సరుకు ఇస్తానంటుంది. సరుకు కోసం ఆ మనిషి కట్టేస్తాడు. ఎక్కువగా కట్టినది తిరిగి రాబట్టుకునే హక్కు అతనికి ఉంటుంది. 1872లో రాసిన మాట ఈరోజు వర్క్‌షాప్ గేటు దగ్గర కూడా పనికొస్తోంది.

అసలు నష్టం మీ పాత లైట్లది. మసకబారినా అవి మీ ఆస్తి. పని అయ్యాక వస్తువును తిరిగి ఇవ్వాలని సెక్షన్ 160, తన తప్పు వల్ల ఇవ్వలేకపోతే నష్టం భరించాలని సెక్షన్ 161 అంటున్నాయి. ఇక్కడ వాళ్ల వాదన ఒకటే ఉంటుంది: అవి ఎలాగూ పనికిరావు. దీనికి జవాబు మీ పాత ఫొటోల్లో దొరకాలి. మసక పైన ఉందా, లోపల ఉందా అన్నది ముఖ్యం. పాలికార్బనేట్ ప్లాస్టిక్ ఎండలోని అతినీల కిరణాలకు పైపొర దెబ్బతిని పచ్చబడుతుంది. తడి గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, యూవీ కోటింగ్ వేస్తే చాలావరకు తేరుకుంటుంది. అదే సీలు పోయి లోపలికి నీరు చేరినా, రిఫ్లెక్టర్ పూత లేచిపోయినా పాలిష్‌తో పనవదు. అలాంటి స్థితి ఉంటే మీ పరిహారం తగ్గుతుంది. అప్పుడు కూడా మిమ్మల్ని అడక్కుండా పారేసే హక్కు వాళ్లకు రాదు. ఫొటోలు చూపించి మరో మెకానిక్ దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అలాంటి పాత లైట్లు అమ్మేవాళ్ల దగ్గర కొటేషన్ కూడా తీసుకోండి, నష్టాన్ని లెక్క కట్టడానికి అదే ఆధారం.

పోలీసు కేసు వద్దనే చెబుతాను. నమ్మకద్రోహం నేరం కావాలంటే దురుద్దేశం రుజువు కావాలి. పాత సామాను స్క్రాప్‌లో వేయడంలో మొండితనం, నిర్లక్ష్యం కనిపిస్తాయి గానీ, అంత మాత్రాన అది నేరమైపోదు. స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ కంటే జిల్లా వినియోగదారుల కమిషన్ నయం. మీరుండే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. బిల్లు పూర్తిగా కట్టకపోయినా, కొంత కట్టి మిగతాది ఇస్తానన్నవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. గడువు రెండేళ్లు. కారు ముందు విడిపించమని మధ్యంతర ఉత్తర్వు కూడా అడగొచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. అవి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద వాటికి సర్టిఫికెట్ జత చేయాలి. మీ లాయరుకు అది మొదటి రోజే చెప్పండి.

ఎల్‌ఈడీల సంగతి. రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. ఒక జత ఫాగ్ లైట్లు మారితే కారు మౌలిక స్వరూపం మారినట్టు కాదు కాబట్టి ఆ సెక్షన్ భయం నాకు పెద్దగా లేదు. నాకున్న భయం ఎదుటివారి కళ్లలో కొట్టే వెలుగు గురించి. ఫాగ్ లైటు వెలుగు కిందికి, వెడల్పుగా పడాలి. హాలోజన్ బల్బు కోసం చేసిన డబ్బాలో ఎల్‌ఈడీ పెడితే, లేదా కోణం సరిచేయకుండా బిగిస్తే వెలుగు పైకి చిమ్ముతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం దీని గురించే. నిబంధనలు ఒప్పుకోని విడిభాగాలు బిగిస్తే, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ శిక్ష పడేది యజమానికి. బిగించింది వర్క్‌షాప్ అయినా రోడ్డు మీద ఆపేది మిమ్మల్నే. కారు చేతికి వచ్చాక ఆ లైట్ల స్విచ్ వేయకండి.

వర్క్‌షాప్‌కు లాయరుతో నోటీసు రాయించేటప్పుడు డబ్బు ఒక్కటే అడగకండి. అదే మోడల్ పాత లైట్లు వెతికి, బాగుచేసి, బిగించి ఇవ్వాలని, అది కుదరకపోతేనే పరిహారమని రాయించండి. వర్క్‌షాప్ వాళ్లకు స్క్రాప్ వ్యాపారులతో పరిచయం ఉంటుంది కాబట్టి, పారేసినవి ఇంకా అక్కడే ఉండే అవకాశం లేకపోలేదు. నోటీసులో పదిహేను రోజుల గడువు పెడితే చాలు.