పెళ్లిచూపులకు విమానం ఎక్కనన్న కూతురు

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. వనస్థలిపురంలో ఉంటాం. మా అమ్మాయికి 27 ఏళ్లు. ఏడో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంది, రవీంద్రభారతిలో రంగప్రవేశం చేసింది. ఇప్పుడు నీటి అడుగున నాట్యం చేస్తానంటూ, పిల్లలకు డాన్స్ నేర్పే ఉద్యోగం మానేసింది. వేరే రాష్ట్రంలోని తీర నగరానికి వెళ్లి కమర్షియల్ డైవింగ్ శిక్షణలో చేరింది. ఓడల అడుగులు, డ్యాముల గేట్లు బాగుచేసే గజ ఈతగాళ్ల పని అది. మంచి సంబంధం వచ్చింది, రేపు పొద్దున విమానానికి రమ్మంటే, ‘ఈ రోజు రెండుసార్లు నీళ్లలోకి దిగాను, రేపు పొద్దున్నే విమానం ఎక్కకూడదు’ అంది. ఇలాంటి సాకు ఎక్కడైనా ఉంటుందా? నాకు కూతురు లేదనుకుంటానని అన్నాను. మూడు వారాలుగా మాటల్లేవు. అబ్బాయి తరఫు వాళ్లకు డాన్స్ టీచర్ అనే చెప్పాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జలాశయం గేటు దగ్గర దిగిన డైవర్ తిరిగి పైకి రాలేదు. అప్పుడు గట్టు మీద నేనూ ఉన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు హుస్సేన్ సాగర్ బుద్ధుడి దగ్గరికి నేను తీసుకెళ్లినప్పుడే ఈ ఆలోచన పుట్టిందని అమ్మాయి అంటోంది. మా ఇద్దరి మధ్య నా భార్య నలిగిపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: అయ్యా, ముందు విమానం సంగతి చెబుతాను. అది సాకు కాదు. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుందని మీకు తెలుసు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. పైకి వచ్చాక అది ఊపిరితో పాటు మెల్లమెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే విమానంలో పలుచని గాలిలోకి వెళితే, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు ఒంట్లో బుడగలు పుడతాయి. కీళ్ల నొప్పి మొదలుకొని పక్షవాతం దాకా రావచ్చు. ఒకే రోజు ఒకటికి మించి దిగినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్లు పాటించే నియమం. లోతు, నీటిలో గడిపిన సమయం ఎక్కువైతే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఆ రోజు అమ్మాయి మీకు నిజమే చెప్పింది. నేర్చుకున్న నియమాన్ని తండ్రి కోపానికి భయపడి తప్పలేదు కూడా. ‘అయితే రైల్లో రా అమ్మా’ అని ఉంటే వచ్చేదేమో!

మీ ఉత్తరంలో ఆ గేటు ప్రస్తావన నాలుగు ముక్కల్లో ముగిసింది. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఆగిపోయాను. గట్టు మీద నిలబడి ఏమీ చేయలేకపోయిన ఆ కుర్ర ఇంజనీరే ఆ రోజు ఫోనులో మాట్లాడాడని నాకు అనిపిస్తోంది. అమ్మాయికి ఆ కుర్రవాడు తెలియదు. నాన్నకు నా నాట్యం అంటే ఇంతే, సంబంధమే ముఖ్యం అన్నట్టుగా ఆమెకు వినబడి ఉంటుంది. ఇన్నేళ్లు దాచుకున్నది ఆమెకు చెప్పండి. మందలింపుగా కాదు, బెదిరింపుగా అసలే కాదు. ఆ రోజు ఏం చూశారో, ఆ రాత్రి ఇంటికి వచ్చి ఏం చేశారో చెప్పండి. అంతకు ముందు, కూతురు లేదనుకుంటానన్న మాటకు క్షమించమని అడగండి. ఈ కబురు మీ భార్య చేత పంపకండి. ఆవిడ ఇప్పటికే చాలా మోశారు.

మీ భయం అర్థం లేనిదని నేను అనను. గేటు సందులోంచి నీళ్లు లాగే బలానికి మనిషి అతుక్కుపోతే, రెండు వైపులా ఒత్తిడి సమానమయ్యే దాకా పైకి లాగడం ఎవరి తరమూ కాదని నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే అమ్మాయిని సూటిగా అడగండి: శిక్షణ అయ్యాక డ్యాముల పనులకు, ఓడల పనులకు వెళతావా, నాట్యం వరకేనా? ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి మీరు ఒప్పుకోకపోతే ఆ మాట నెమ్మదిగా చెప్పే హక్కు మీకుంది.

నాట్యం వరకే అయితే, ఆమె ఎంచుకున్న దారి మీరనుకున్నంత పిచ్చిది కాదు. సరదా డైవింగ్ నాలుగైదు రోజుల్లో నేర్పేస్తారు. ఆ సులువు దారి వదిలి మీ అమ్మాయి ఈ కష్టమైన చదువు పట్టింది. ఇందులో గాలి పైనుంచి గొట్టం ద్వారా వస్తుంది. ఆ గొట్టాన్ని ఒకరు చేత్తో పట్టుకుని, బిగువును బట్టి కింద మనిషి సంగతి కనిపెడుతూ ఉంటారు. వాళ్లను టెండర్ అంటారు. అవసరమైతే దూకడానికి మరో డైవర్ సిద్ధంగా ఉంటాడు. అందరి మీదా ఒక సూపర్‌వైజర్. ఆయన ఆపమంటే ఆపాల్సిందే. నీటి అడుగున రంగస్థలం కట్టాలన్నా, దీపాలు బిగించాలన్నా ఈ క్రమశిక్షణ ఎంతో పనికొస్తుంది. అమెరికాలో ఫ్లోరిడాలోని వీకీ వాచీ నీటి ఊటలో 1947 నుంచి స్త్రీలు గొట్టాల ద్వారా గాలి పీలుస్తూ ప్రదర్శనలు ఇస్తున్నారు. ఇలాంటి కళ లోకంలో లేనిదేమీ కాదు.

నాకు దిగులు పుట్టించేది వేరే ఉంది. శిక్షణలో ఉన్నంతసేపూ పైన మనుషులుంటారు. సెలవుకు హైదరాబాద్ వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ ఈత కొలనులో ఒంటరిగా ఊపిరి బిగపట్టి సాధన చేస్తుందేమో కనుక్కోండి. ఎక్కువసేపు ఉండాలని ముందు గబగబా గాఢంగా శ్వాస తీసి మునిగేవాళ్లున్నారు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు. ఊపిరి తీసుకోమని ఒంటిని తొందరపెట్టే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. హెచ్చరిక అందకుండానే స్పృహ పోతుంది. దీనికి లోతు అక్కర్లేదు, నిలువెత్తు నీళ్లు చాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం తండ్రిగా గట్టిగా మాట తీసుకోండి: ఒంటరిగా వద్దని.

ఇక బుద్ధుడు. 1990 మార్చిలో తరలిస్తుండగా పడవతో సహా విగ్రహం మునిగిపోవడం, కొందరు ప్రాణాలు పోగొట్టుకోవడం, 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టడం మీ తరానికి కళ్లముందు జరిగినవి. లుంబినీ పార్కు నుంచి పడవలో వెళుతూ మీరు ఈ కథ చెప్పి ఉంటారు. పెద్దలు విగ్రహాన్ని చూస్తారు. ఆ పిల్ల మాత్రం రెండేళ్లకు పైగా నీళ్ల కింద పడుకుని ఉన్న బుద్ధుణ్ణి చూసింది. తలపై నీళ్ల చెంబుతో, ఇత్తడి పళ్లెం అంచుల మీద ఆడే తరంగానికి చప్పట్లు కొట్టే ఇంట్లో పెరిగిన అమ్మాయి నీటిలోకే దిగి ఆడతానంటే నాకు వింతగా లేదు. ఆ నృత్యం ఎలా ఉంటుందో మీరు ఇంతవరకూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. అడగండి.

అబ్బాయి తరఫు వాళ్లకు ఫోన్ చేసి, అమ్మాయి డైవింగ్ శిక్షణలో ఉందని, ఇప్పట్లో పెళ్లిచూపులు కుదరవని మీరే చెప్పండి. తర్వాత బయటపడితే మాట పడేది ఆమే. సంబంధం తప్పిపోతే పోనివ్వండి.

అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే నాలుగు పేజీలు రాసి పోస్టు చేయండి. జవాబు వచ్చాక, శిక్షణ చూడటానికి తల్లిదండ్రులను రానిస్తారేమో ఆమెనే కనుక్కోమనండి. రానిస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. మళ్లీ నీళ్ల ఒడ్డున నిలబడటం మీకు తేలిక కాదు. గేటు దగ్గరి ఆ రోజు ఇప్పటికీ నిద్రలో వెంటాడుతుంటే, బయలుదేరే ముందు ఒక మానసిక వైద్యుణ్ణి కలవండి. అక్కడికి వెళ్లాక, గొట్టం పట్టుకునే ఆ మనిషి పక్కన మీకూ కాస్త చోటిమ్మని అడగండి.