అల్లుడిది ప్యూర్టో రికో కుటుంబం. మనవడికి ఆస్తమా వంశం నుంచే వస్తుందా?

మీ అల్లుడుగారి పూర్వీకులు కరీబియన్ దీవి ప్యూర్టో రికో వాళ్ళని, రెండేళ్ళ మనవడికి జలుబు చేసిన ప్రతిసారీ పిల్లికూతలు వస్తున్నాయని రాశారు. ‘లాటినోల్లో (లాటిన్ అమెరికా మూలాల వాళ్ళలో) ఆస్తమా ఎక్కువ’ అని ఎవరో అన్నారట. డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే తేలుతుందా అని అడిగారు. నేను న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని. మా దగ్గరికి ఆయాసంతో వచ్చే పిల్లల్లో ప్యూర్టో రికన్, డొమినికన్ కుటుంబాల వాళ్ళే ఎక్కువ.

మీరు విన్న మాట సగమే నిజం. అమెరికాలో ప్యూర్టో రికన్ పిల్లల్లో ఆస్తమా చాలా ఎక్కువ. మెక్సికన్ పిల్లల్లో అందులో సుమారు సగమే. జాతి అడిగే ఫారంలో మాత్రం ఇద్దరికీ ‘హిస్పానిక్’ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలు) అన్న ఒకే గడి! మెక్సికన్ల పూర్వీకుల్లో దాదాపు సగం అక్కడి ఆదివాసులు. ప్యూర్టో రికన్లలో యూరప్ పూర్వీకుల వాటా ఎక్కువ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వాటా దాని తర్వాత, స్థానిక తైనోలది ఇంకా తక్కువ.

ఈ తేడాకి ప్రభావం లేదని నేను అనను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎస్తెబాన్ బుర్చార్డ్ అనే పరిశోధకుడి బృందం ఈ పిల్లల మీద ఏళ్ళ తరబడి ‘గాలా’ అధ్యయనాలు చేసింది. ఆల్బ్యుటెరాల్ (శ్వాసనాళాలు తెరిచే ఇన్‌హేలర్ మందు) పఫ్‌కి మెక్సికన్ల కంటే ప్యూర్టో రికన్ల ఊపిరితిత్తులు తక్కువగా స్పందిస్తాయని 2004లోనే చూపించారు. వార్డులో నాకూ అది కనిపిస్తుంది. అదే మందు, అదే మోతాదు. ఒక పిల్లవాడు తేరుకుని ఆడుకుంటుంటాడు, పక్క మంచం మీద బిడ్డకి ఎంతకీ ఆయాసం తగ్గదు, తల్లి నా ముఖంలోకే చూస్తుంటుంది.

కానీ అదే బృందం 2013లో ఇంకో సంగతి బయటపెట్టింది. పుట్టిన మొదటి ఏడాదిలో పిల్లలు పీల్చిన గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్, అంటే ప్రధానంగా వాహనాల పొగ, 5 పీపీబీ (గాలిలో వంద కోట్ల పాళ్ళకి 5 పాళ్ళు) పెరిగితే తర్వాత ఆస్తమా వచ్చే అవకాశం సుమారు 17 శాతం పెరిగిందట. అందులో బ్రాంక్స్ పిల్లలూ ఉన్నారు. ఇక్కడ హంట్స్ పాయింట్ మార్కెట్‌కి రాత్రీపగలూ ట్రక్కులు నడుస్తాయి, క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే ఇళ్ళను ఆనుకునే పోతుంది. దక్షిణ బ్రాంక్స్‌లోని మాట్ హేవెన్‌ని జనం ‘ఆస్తమా యాలీ’, అంటే ఆస్తమా సందు అంటారు. ఆఫ్రికన్ పూర్వీకుల వాటా ఎక్కువున్న కుటుంబాలే తరచుగా పేదరికంలో, ఇలాంటి రోడ్ల పక్కన బతకాల్సి వచ్చింది. కాబట్టి ‘వంశం’ లెక్కలో రోడ్డు, పాత ఇంటి చెమ్మ, బొద్దింకలు కూడా కలిసిపోతాయి. ఆ పిల్లల జబ్బుని రక్తం మీదకి తోసేసి రోడ్డుని వదిలేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఊపిరి సామర్థ్యం కొలిచే మా స్పైరోమెట్రీ మెషీన్ కూడా ఇలాగే చేసేది. పేరు, ఎత్తుతో పాటు జాతి అడిగి, దాన్నిబట్టి ఎంత ఊపిరి మామూలో లెక్కగట్టేది. చాలాకాలం వాడిన ప్రమాణాల్లో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మెక్సికన్ అమెరికన్లు, అంతే. ప్యూర్టో రికన్ పిల్లవాణ్ణి ఎందులో వేయాలి? మన ఇండియా వాళ్ళకైతే వరుసే లేదు. మీ మనవడు రెండు వైపులా ఆ జాబితాకి బయటే ఉంటాడు. 2023లో ఊపిరితిత్తుల నిపుణుల సంఘం అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి చూడని ప్రమాణం వాడమంది. నాకు ఎంతో ఊరట కలిగింది.

డీఎన్‌ఏ టెస్ట్‌కి డబ్బు పెట్టకండి. పూర్వీకుల శాతాలు వస్తాయి, ఈ బాబుకి ఆస్తమా ఉందో లేదో రాదు. ఈ వయసులో వైరస్ జలుబులకే పిల్లికూతలు రావడం మామూలు, డాక్టర్లు తొందరపడి ఆస్తమా అని పేరు పెట్టరు. అల్లుడుగారికి గానీ మీ అమ్మాయికి గానీ చిన్నప్పుడు ఉబ్బసం, ఎగ్జిమా (దురదతో ఎర్రబడే చర్మజబ్బు) ఉన్నాయేమో కనుక్కుని డాక్టరుకి చెప్పండి. ఇంట్లో సిగరెట్ పొగ, చెమ్మ, దగ్గర్లో హైవే ఉంటే అవీ చెప్పండి. పఫ్ ఇచ్చినా ఫలితం లేక బాబు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో ఇంకో పఫ్ ఇచ్చి చూద్దామని ఆగకండి, వెంటనే 911కి ఫోన్ చేయండి.